మిరప కల్లంలో గుండెదడ

2015 ఫిబ్రవరిలో నేను డిప్యూటీ సివిల్ సర్జన్ హోదాలో జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్టుగా ఉండగా, వినుకొండ దగ్గర ఒక ఊళ్లో ఆందోళన రుగ్మతల శిబిరం పెట్టమని ఉత్తర్వు వచ్చింది. నీడ బాగుంటుందని పైవాళ్లు ఎంచిన చోటు మిరప కల్లం పక్కనున్న రేకుల షెడ్డు. కాయలు ఎండబోసే రోజుల్లో! ఆ తెలివి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నర్సు రత్నకుమారి ప్రశ్నావళి పట్టుకుని కూర్చుంది. చెమటలు పడుతున్నాయా, ఊపిరి ఆడటం లేదా, గొంతు పట్టేసినట్టుందా? ఆ ఘాటుకు అందరూ దగ్గుతూనే అవునన్నారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా రోగులే. ఆ లెక్కన నేనూ రోగినే, రత్నకుమారి నాకన్నా ముదిరిన రోగి.

అంతలో సుబ్బాయమ్మ అనే ఆవిడ భర్తను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన కోటేశ్వరరావు, ఆ కల్లంలోనే మేస్త్రీ.

"ఈయన కల్లంలో బానే ఉంటాడండీ. ఇంటికొస్తేనే గుండె పట్టుకుంటాడు. పరీక్షలన్నీ చేయించాం, గుండెకేం లేదన్నారు. ఆదివారం పిల్ల పెళ్లి. పీటల మీద కూర్చోనంటన్నాడు!"

"అందరి ముందూ పడిపోతే పరువేం కానండీ?" అన్నాడాయన.

కల్లంలో అందరూ చెమటలు కార్చేవాళ్లే కాబట్టి అక్కడ దడ వచ్చినా ఎవరూ కనిపెట్టరు. అదీ ఆయన ధైర్యం.

నేను చదువుకునే రోజుల్లో ఇలాంటివన్నీ 'యాంగ్జయిటీ న్యూరోసిస్' అనే ఒకే గంపలో పడేసేవాళ్లు. తరువాత విడదీశారు: ఎప్పుడూ ఏదో ఒక దిగులుంటే ఒక పేరు, ఉన్నట్టుండి దడ ముంచుకొచ్చి, మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయం పట్టుకుంటే పానిక్ డిజార్డర్. ఈయనది రెండోది.

మందు రాశాను గానీ అది పనిచేయడానికి వారాలు పడుతుంది. పెళ్లి ఆదివారమే. అందుకని దడను కావాలనే తెప్పించి, పారిపోకుండా ఉంటే దానంతటదే దిగుతుందని చూపించాలి. ఉన్నచోటే గెంతమన్నాను. ఆయన సిగ్గుపడితే నేనూ, రత్నకుమారీ కూడా గెంతాం. జనం పని మానేసి చూశారు. దడ వచ్చింది, కాసేపటికి దిగింది. "అంతేనా?" అని ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

సోమవారం సుబ్బాయమ్మ ఫోన్ చేసింది. కన్యాదానం వేళ దడ రానే వచ్చిందట. ఆయన వణుకుతూ, చెమటలు కారుస్తూ, పీట మీంచి మాత్రం లేవలేదట. కూతురంటే ఎంత ప్రేమోనని వియ్యాలవారు కళ్లొత్తుకున్నారట. పెళ్లికూతురే కంగారుపడి, "నాన్నా, నేను పోయేది పక్క వీధికేగా!" అందట. నాకు పట్టరాని సంతోషమేసింది.

లక్షణాలు అడిగితే ఊరంతా రోగులే. భయపడి ఏం మానేశావని అడిగితేనే అసలు రోగి దొరుకుతాడు. ఆ తరువాత ప్రతి శిబిరంలోనూ నా మొదటి ప్రశ్న అదే.