పన్నెండో పోర్టు

అశోక్ చౌక్‌లోని ఇంటర్నెట్ ఆఫీసులో నేను చేరి రెండు వారాలైంది. కుంఠా నాకాలోని ఒక మగ్గాల షెడ్డులో నెట్ సరిగ్గా రావడం లేదని ఫోన్ వచ్చింది. ఆ లైను పోర్టును ఆపి, స్పీడు సెట్టింగు మార్చి, మళ్లీ ఆన్ చేయమని చెప్పి సార్ బయటికి వెళ్లారు. అందరి వైర్లూ వచ్చి కలిసే స్విచ్ పెట్టె పేజీని కంప్యూటర్లో తెరిచాను; అందులో ఒక్కో వైరుకు ఒక్కో పోర్టు. పన్నెండో పోర్టు పక్కన ‘కుంఠా నాకా’ అని ఉంది. దాన్ని ఆపాను.

నిమిషంలో అమ్మ ఫోన్. నీలం నగర్‌లోని మా ఇంట్లో బీడీలు చుడుతూ, మా ఆఫీసు నెట్‌తోనే టీవీలో సీరియల్ చూస్తుంటుంది.

“ఏందే బిడ్డా, నెట్ బంద్ అయింది?”

“నేను బంద్ చేసింది కుంఠా నాకాదమ్మా.”

“మరి మనదెట్ల పోయింది?”

నాకూ అర్థం కాలేదు. షెడ్డుకు ఫోన్ చేస్తే, నెట్ నడుస్తూనే ఉందన్నారు. పన్నెండును ఆన్ చేశాను, అమ్మకు వచ్చింది. మళ్లీ ఆపాను, పోయింది.

“నాతోని ఖేల్ ఆడుతున్నవా?” అని అమ్మ కసిరింది. కంప్యూటర్‌ను నమ్మాలో అమ్మను నమ్మాలో తోచక, పోర్టు ఆన్ చేసి ఊరుకున్నాను.

సార్ రాగానే చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. “అరే, వానకాలంల వైర్లు అటిటు మార్చిన. పేర్లు మార్చుడు మర్చిపోయిన.”

“ఇంకా ఏమేం మార్చిన్రు సార్?”

“అదే యాదికొస్తలేదు.”

ఆ సాయంత్రం ఒక్కో పోర్టు ఆపుతూ, ఎవరి నెట్ పోయిందో ఫోన్లు చేసి కనుక్కుంటూ పేర్లు సరిచేశాం. ఏడో పోర్టు ఆపితే మాత్రం ఎవరిదీ పోలేదు. ఆన్ చేస్తే పచ్చ లైటు వెలుగుతుంది, అంటే వైరుకు అవతల ఏదో ఉన్నట్టే. అది ఎవరిదో సార్‌కూ తెలియదు. అక్కడ పేరు రాయకుండా వదిలేశాను.