ఎవరూ ఒత్తని నడుము

పోయిన నెలలో టెక్కలిలో, కండరాల నొప్పులకు చికిత్స చేసే ఒక చిన్న గదిలో నేను బోర్లా పడుకుని ఉండగా, అక్కడి అమ్మాయి నా నడుముకి ఎడమ పక్కన బొటనవేలు ఆనించి మెల్లగా నొక్కింది. నొక్కింది అక్కడైతే నొప్పి తుంటి దాకా పాకింది. ఆమె వేలు తియ్యకుండానే "ఊపిరి బిగబట్టకండి మేడం, వదిలెయ్యండి" అంది. వదులుతూ ఉంటే ఆ వేలి కింద ఉండకట్టినదేదో కొంచెం కొంచెంగా సడలడం నాకే తెలిసింది. అంతవరకూ బాగానే ఉన్నాను. "ఇది కండరం పట్టెయ్యడమేనండీ, లోపలిదేం కాదు" అనేసరికి మాత్రం ఏడుపొచ్చేసింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుని ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అలా వెనక్కి పోయిన చేతిని చూస్తే మా నాన్న గుర్తొచ్చాడు. మా పాప పడుకున్నాక ఇది రాస్తున్నది అందుకే.

మాది కవిటి దగ్గర కొబ్బరితోటల్లో ఒక ఊరు. మావైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, కిడ్నీ జబ్బు సంగతి ఇంటింటికీ తెలిసిన ఊళ్ళు మావి. అలాంటి చోట 'నడుం నొప్పి' మామూలు మాట కాదు. తలనొప్పంటారు, మోకాళ్ళంటారు, నడుం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి "ఎనకపక్క కాస్త తేడాగా ఉంది" అంటారు. విన్నవాళ్ళు ఇంకేమీ అడగరు, అడగకపోవడమే మర్యాద. పెళ్ళయి టెక్కలి వచ్చిన కొత్తలో మా అత్తగారు కూరగాయలు తరిగి లేస్తూ "అబ్బా, నడుం" అని పైకే అనేస్తే, నేను ఉలిక్కిపడి ఆవిడ మొహంలోకి చూసి, "ఏటమ్మా, దయ్యాన్ని సూసినట్టు సూత్తన్నావు" అనిపించుకున్నాను.

మా పెదనాన్న ఆ జబ్బుతోనే డయాలసిస్‌కి పలాస తిరిగి తిరిగి పోయాడు. ఆయన పోయిన ఏడాదే నాన్నకి నడుము పట్టేసింది. నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు, దింపిన కాయల్ని కావిడి వేసుకుని రోడ్డు దాకా మోసేవాడు. ఒకరోజు అలా కావిడి ఎత్తుకుంటూ పక్కకి తిరిగిన మనిషి మళ్ళీ నిటారుగా లేవలేకపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే అది బరువు పడి కండరం పట్టెయ్యడమేనని ఎవరైనా చెప్పగలరనిపిస్తుంది. అప్పుడు మా ఇంట్లో అందరికీ పెదనాన్నే కనిపించాడు. రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. "పెద్దోడికీ ముందు ఏటీ నేదనే సెప్పినారు" అంది నానమ్మ. ఒక కొడుకుని పోగొట్టుకున్న మనిషి ఆ మాటంటే ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

ఉప్పు తగ్గించారు, పప్పు మానిపించారు, చెట్టెక్కనివ్వలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ నడుం మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు, ఎందుకంటే అక్కడ ఒత్తితే లోపల కిడ్నీ మీద పడుతుందని మా వీధంతటికీ నమ్మకం. ఒకసారి అమ్మ కొబ్బరినూనె వెచ్చబెట్టి నాన్న మంచం దగ్గరికి తీసుకెళ్తుంటే నానమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఒత్తకే. ఉన్నదాన్ని కూడా సితక్కొట్టీగలవు."

"ఊరికే నూనె రాత్తానత్తా."

"రాత్తే సెయ్యి ఊరుకోదు, ఒత్తుతాది. నాకు తెల్దేటి?"

నాన్న అటు తిరిగి పడుకునే, "మీరిద్దరూ తేల్సుకునేసరికి నూనె సల్లారిపోద్ది" అన్నాడు. అమ్మకి నవ్వొచ్చింది. నూనె నిజంగానే చల్లారిపోయింది, ఆ గిన్నె మళ్ళీ ఆ మంచం దగ్గరికి వెళ్ళలేదు.

నానమ్మ అన్నది ఆవిడ చేతి సంగతే. ఊళ్ళో పసిపిల్లలకి నూనె రాసి నీళ్ళు పోసేది ఆవిడే. అరుగు మీద కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, మెడ నుంచి నడుం దాకా అరచేత్తో దించుతూ, కుడిచేతినీ ఎడమకాలినీ దగ్గరికి తెచ్చి సాగదీసి వదిలేది. గుక్కపెట్టి బిగుసుకుపోయిన పిల్లలు కూడా ఆ చేతి కింద మెత్తబడి నిద్రపోయేవారు. అదే అరుగు మీద, ఆవిడ చెయ్యి చాపితే అందేంత దూరంలో, నాన్న మంచం ఉండేది.

అలా రాని జబ్బు కోసం ఎదురుచూస్తూ నాన్న నలభైల్లోంచి యాభైల్లోకి వెళ్ళిపోయాడు. చెట్లు కౌలుకి పోయాయి. నా డిగ్రీ అయ్యేసరికి ఒక పక్కకి ఒరిగి నడవడం ఆయన నడకే అయిపోయింది. పాప పుట్టాక, పడేస్తానేమోనని ఎత్తుకోలేదు, దూరం నుంచే చిటికెలు వేసేవాడు.

పాపని ఎత్తుకుని ఎత్తుకుని నాకూ నడుము పట్టేసినప్పుడు నేనూ మా ఊరి మనిషినే అయ్యాను. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి రక్తపరీక్ష చేయించుకున్నాను, అది బాగానే ఉందన్నా నిద్రపట్టలేదు. చివరికి డాక్టరే ఈ అమ్మాయి దగ్గరికి పంపాడు. మయోథెరపీ అంటే ఇదేనట. దెబ్బతిన్న కండరం తనని తాను కాపాడుకోవడానికి బిగుసుకుంటుందని, భయపడి కదపడం మానేస్తే ఇంకా కురచవుతుందని, కురచైనదాన్ని కదిపితే మళ్ళీ నొప్పి పుట్టి భయం పెరుగుతుందని ఆమె చెప్పింది. ఆ బిగుతుని ఓపిగ్గా వేలితో సడలించి, సాగదీసి, మళ్ళీ పని చెయ్యడం అలవాటు చెయ్యడమే తన పనంది. ఆమె నా గురించి చెబుతుంటే నేను నాన్న సంగతి వింటున్నాను.

ఆ వారమే నాన్నని తీసుకొచ్చాను. ఆమె ముందు ఆయన పరీక్షల కాగితాలన్నీ చూసి, డాక్టరుకి చూపించి రమ్మని, ఆ తర్వాతే చెయ్యి వేసింది. ఎక్కడ నొప్పని అడిగితే నాన్న "ఎనకపక్కమ్మా" అన్నాడు. చాలా ఏళ్ళయిపోయింది కాబట్టి పూర్తిగా పాత మనిషి కాలేరని, చెట్టు మాట మరిచిపోవాలని, కింద కూర్చుని లేవడం మాత్రం రావచ్చని ఆమె దాచకుండా చెప్పింది. అన్నట్టే కొన్నాళ్ళకి వచ్చింది. మొదటిసారి చాప మీద చతికిలబడి కూర్చున్నప్పుడు పాప పాకుతూ వెళ్ళి ఆయన ఒళ్ళోకెక్కింది. నాన్న రెండు చేతులూ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు గాల్లో ఉంచి, "ఏటే, నా దగ్గరికేనా?" అన్నాడు.

మొన్న ఆదివారం ఊరెళ్ళి, ఆ చోట ఒత్తొచ్చని నానమ్మకి చెప్పాను.

"ఎవులు సెప్పినారు?"

"డాక్టరే సెప్పినాడు నానమ్మా. ఆ పిల్ల ఒత్తితేనే నాన్న కింద కూకుంటన్నాడు."

ఆవిడ కొడుకు వంక చూసి, నూనె తెమ్మంది. నాన్న అరుగు మీద బోర్లా పడుకున్నాడు. ఆవిడ పక్కన కాళ్ళు చాపుకుని, బలం తగ్గిన అరచేతులు రెండూ ఆయన నడుం మీద ఆనించి దించడం మొదలుపెట్టింది.

"గట్టిగా ఒత్తమ్మా."

"గట్టిగానే ఒత్తతన్నాను గదరా."

నాన్న తలెత్తి నా వైపు చూసి మళ్ళీ పడుకున్నాడు. కాసేపయ్యాక, "ఆ, అక్కడే. నడుం మీదే" అన్నాడు. 'నడుం' అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట పైకి అనొచ్చు, ఆ చోట చెయ్యి వెయ్యొచ్చు. ఊరంతటి పిల్లల ఒళ్ళు సాగదీసిన ఆ చేతులు మాత్రం నాన్న వీపు మీద నూనె జారినంత తేలిగ్గా జారిపోతున్నాయి.