పాండురంగారావు గారూ, మలయ్ సింహాసనమూ

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఏ తెలుగింట విందు జరిగినా, ఒక్క దేశాన్నైనా మన ఖాతాలో వేయందే పాండురంగారావు గారు చెయ్యి కడగరు. యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చెప్పి రిటైరైన మనిషి. మాట మొదలెట్టే ముందు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చూపుడువేలు పైకెత్తి, "ఇదీ మనదే" అంటారు. మెల్‌బోర్న్ మ్యూజియంలో ఒక మలయ్ రాజకుటుంబపు వారసత్వ ప్రదర్శన పెట్టారని తెలిసిన వారమే భార్య మంగళగారిని వెంటబెట్టుకుని వెళ్లారు. "సింగాసన అట! మన సింహాసనమేగా. రాజా మనదే, పుత్రి మనదే!" అంటూ, రాసిపెట్టిన మలయ్ పేర్లు చదువుకుంటూ అద్దాల పెట్టెల మధ్య కప్పం వసూలుకొచ్చిన చక్రవర్తిలా తిరిగారు.

తీరా సింహాసనం ముందుకొచ్చేసరికి మోకాలు మొరాయించింది. "మంగళా, కుర్చీ! ఎక్కడైనా కుర్చీ ఉందేమో చూడు!" అని కేకేశారు. పక్కనే తలకు స్కార్ఫ్ చుట్టుకున్న ఒక మలయ్ యువతి ఆ మాట విని, "కెరుసి?" అంటూ గోడవారనున్న మడతకుర్చీ తెచ్చి వేసింది. కూలబడుతూనే ఆయన నొప్పి మరిచి వేలెత్తారు. "సీ, అమ్మా! యువర్ కెరుసి, అవర్ కుర్చీ! ఇదీ మనదే!"

ఆ అమ్మాయి నవ్వి, ఇంగ్లిషులో నెమ్మదిగా చెప్పింది: "మీదీ కాదు, మాదీ కాదు అంకుల్. అది అరబ్బుల మాట."

ఎత్తిన వేలు గాలిలోనే ఉండిపోయింది.

"మనది కాదటగా," అన్నారు మంగళగారు, "లేవండి మరి."

పాండురంగారావు గారు కుర్చీ అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నారు.