ప్రింటార్డరుకు ముందు ధర్మవరంలో

1959 జూన్‌లో నన్ను చేనేత శాఖ హిందూపురం ఆఫీసులో అద్దకం డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. సూపర్‌వైజరుకు కింద, అటెండరుకు పైన ఉండే ఉద్యోగం. ఆఫీసుకు వచ్చే నేతగాళ్ళకు పట్టునూలు ఉడికించడం, రంగు వేయడం చేసి చూపించాలి; నెలాఖరుకు డైరీ రాసి పైకి పంపాలి. రెండేళ్ళ డైరీలు ముందేసుకొని పట్టు అద్దకం మీద చిన్న పుస్తకం రాశాను. ప్రభుత్వోద్యోగి పుస్తకం వేయాలంటే శాఖ అనుమతి కావాలి. ఆ కాగితం మూడు బల్లల మీద నిద్రపోయి, 1962లో గానీ నా చేతికి రాలేదు.

మా ఊరి ప్రెస్సు యజమాని రామప్ప అనుమానపు మనిషి. "తీసుకునేవాళ్ళు నూరుమంది పేర్లు రాయించుకొని రాప్పా. అప్పుడు మిషనెక్కిస్తా. ఊరికే అచ్చేస్తే చెదలకే గదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన మాట కాదనడానికీ లేదు. అక్షరాలు కూర్చిన తర్వాత తప్పులు దిద్దడానికి తీసే కాగితాలను ప్రూఫులంటారు. వాటిమీద రచయిత "అచ్చు వేయవచ్చు" అని సంతకం చేస్తే అదే ప్రింటార్డరు. ఇక మార్చడానికి వీల్లేదు. నేనింకా సంతకం చేయలేదు. ప్రూఫులు దారంతో కుట్టుకొని, ఒక నోటుబుక్కు చంకన పెట్టుకొని, వారం సెలవు మీద బయల్దేరాను.

పెనుకొండ లైబ్రరీలో ఒక సాయంత్రం మాట్లాడాను. టీచర్లు, తాలూకాఫీసు గుమాస్తాలు వచ్చారు. భాష చక్కగా ఉందన్నారు, చప్పట్లు కొట్టారు, ముప్పై ఎనిమిది మంది పేర్లు రాశారు. వాళ్ళలో ఒక్కరూ జన్మలో పట్టునూలు ఉడికించబోరన్న సంగతి నాకు తట్టనే లేదు. ధర్మవరం దాకా రైల్లో ఆ పేర్లే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ కూర్చున్నాను.

ధర్మవరంలో పద్ధతి వేరు. చెప్పేది వింటారు గానీ, కళ్ళ ముందు చేసి చూపించేదాకా ఒప్పుకోరు. నాగన్న అనే పెద్ద నేతగాడి పెరట్లో, మగ్గాలు ఆపుకొని నలభైమంది దాకా చేరారు. నేను రెండు పేజీలు చదివానో లేదో నాగన్న అడ్డం వచ్చాడు. "చదివింది చాలప్పా. నూలు ఈడుండాది, పొయ్యి ఈడుండాది. చేసి చూపించు."

పట్టునూలుకు పుట్టుకతోనే జిగురుంటుంది. సబ్బునీళ్ళలో ఉడికిస్తే అది వదిలి, రంగు సమంగా పడుతుంది. పుస్తకంలో రాసిన కొలత ప్రకారమే సబ్బు వేశాను. నురగ రాలేదు. నీళ్ళ మీద తెల్లటి తెట్టు కట్టింది. అప్పుడైనా ఆగవలసింది. అంతమంది ముందు ఆగడానికి పౌరుషం అడ్డొచ్చింది. నూలు ఉడికించాను, ఎర్రరంగులో ముంచాను. బయటికి తీస్తే ఒకచోట ఎరుపు, ఒకచోట బొల్లి!

"పుస్తకంలోనూ ఇట్లే ఉండాదేమప్పా?" అన్నారెవరో. పెరడంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది. నోటుబుక్కులో ఒక్క పేరూ పడలేదు. ఇంకేం పుస్తకం, ఇంకేం అచ్చు అనుకుంటూ ప్రూఫులు సంచిలో కుక్కుకొని లేచాను.

నాగన్న భార్య ఓబుళమ్మ ఆపింది. ఆ ఇంట్లో నూలుడికించే పని ఆమెదే. "యాడికి పోతాండావప్పా? హిందూపురంలో యా నీళ్ళతో చేసినావు?" అని అడిగింది. చెరువు నీళ్ళన్నాను. "అదీ సంగతి! ఇవి బాయినీళ్ళు. ఈ ఉప్పునీళ్ళకు సబ్బు ఇరిగిపోతాది. ఆ మాట పుస్తకంలో రాయలేదా?"

రాయలేదు. "శుభ్రమైన నీరు తీసుకొనవలెను" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. అన్నాళ్ళూ ఆఫీసు వెనక తొట్టిలో పోయించిన ఆ చెరువునీళ్ళు తప్ప వేరే నీళ్ళు ముట్టుకున్న పాపాన పోలేదు.

ఆమె కడవెడు నీళ్ళలో కొంచెం బట్టలసోడా కలిపి, పొద్దున రమ్మంది. మర్నాడు చూస్తే అడుగున సున్నంలాంటి మడ్డి దిగి ఉంది. పైనీళ్ళు వంచుకొని సబ్బు వేస్తే నురగ పొంగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈసారి నూలు మొదలు నుంచి చివరిదాకా ఒకటే ఎరుపు. నాగన్న దాన్ని ఎండకు పట్టి, తిప్పి తిప్పి చూసి, నా నోటుబుక్కు లాక్కొని పేరు రాశాడు. "ఈ నీళ్ళ మాట రాస్తేనే తీసుకుంటా. లేదంటే నా పేరు కొట్టెయ్యి" అన్నాడు. ఆ మాట వీధి వీధికీ పోయింది. సాయంత్రానికి పెనుకొండవాటితో కలిపి పేర్లు నూరు దాటాయి.

ఓబుళమ్మ పేరు పుస్తకంలో వేస్తానన్నాను. "నా పేరెందుకప్పా? నీళ్ళ మాట ముందర పెట్టు. నూలు చెడినాక చెబితే ఏం లాభం?" అంది.

కూర్చిన పేజీలన్నీ జరపవలసి వచ్చిందని రామప్ప రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నూలు ఉడికించే అధ్యాయం నీళ్ళ మాటతోనే మొదలుపెట్టాను. వద్దన్నా ఆమె పేరూ వేశాను. ఆ తర్వాతే ప్రింటార్డరు మీద సంతకం చేశాను.

అచ్చయ్యాక ధర్మవరం పోయి ఉంటే, నా తప్పును నేనే ఊరూరా పంచినవాణ్ణయ్యేవాణ్ణి. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఏ ఊరి నేతగాళ్ళకు సూచనలు రాసినా, ఆ ఊరి నీళ్ళతో, వాళ్ళ ముందే ఒకసారి చేసి చూశాకే సంతకం పెట్టాను.