మౌఢ్యంలో మెరిసిన శుక్రుడు

ఆకాశమంతటా దీపాలు వెలిగించి, వాటి కింద నావంటి గుడ్డివారిని కూడా నడిపిస్తున్న పరమేశ్వరునికి నమస్కరించి, హేవిళంబి నామ సంవత్సర మాఘ శుద్ధ చవితి, ఆదివారం రాత్రి నేను చేసిన ఘోరాన్ని విన్నవిస్తున్నాను. ఒక పండితమ్మన్యుడు గొర్రెల మందను బస్సుల కింద పోయబోయిన వృత్తాంతమిది. తలచుకున్నప్పుడల్లా వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది. చెంప నాదే కావడం వల్ల ఆగుతున్నాను.

చిట్యాలకు ఉత్తరాన ఉన్న మా ఊరి గొర్రెల కాపరి మల్లయ్య. అతని భార్య లచ్చవ్వ. వారి కూతురి పెళ్లి మాఘంలోనే కావాలని హాలియాలోని మగపెళ్లివారు పట్టుబట్టారు. శుక్రమౌఢ్యం నడుస్తున్నదనీ, శుక్రుడు సూర్యకాంతిలో మునిగి కంటికి కనిపించడనీ, ఫాల్గుణం దాకా ముహూర్తం లేదనీ చెప్పి వాయిదా వేయించినవాణ్ణి నేనే. పెళ్లికొడుకు తండ్రి ఎంకన్నకు అనుమానం పుట్టింది. సంబంధం తప్పించుకోవడానికి పంతులును అడ్డం పెట్టుకున్నారని నలుగురిలో అన్నాడట.

ఆ రాత్రి మల్లయ్య మందను హాలియా వరిపొలాలకు తోలుకుపోవాలి. కోత అయిన మడిలో మంద పడుకుంటే అదే ఎరువని అక్కడి రైతులు పిలిపించుకుంటారు. దారిలో విజయవాడ రహదారి దాటాలి. తేలు చుక్కల కొండి పూర్తిగా పైకి లేచాక బయలుదేరితే, రాత్రి బస్సులు పట్నం చేరిపోయి, పగటి బస్సులు ఇంకా కదలని సందు దొరుకుతుందని అతని లెక్క. కాపరులు చుక్కలను చదివే తీరు రాసుకుంటానని నోటుపుస్తకంతో నేనూ మంద దగ్గరికి చేరాను. రాసుకోవడమన్నది అబద్ధం, దిద్దడానికే వెళ్లాను. అతడు పిల్లలకోడి అంటే నేను కృత్తిక అన్నాను. గొల్లకావడి అంటే సంస్కృత నామమూ, వ్యుత్పత్తీ వినిపించాను. మల్లయ్య తల ఊపాడు. గొర్రెలూ ఊపినట్టే గుర్తు.

అతనికి ఆ వారమే కంటి ఆపరేషన్ అయింది. చుక్కలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయనీ, తేలు కొండి లేవగానే చెప్పమనీ నన్ను అడిగాడు. నేను తేలును చూస్తానా? తూర్పున గొప్పగా వెలిగిపోతున్న గోళం కనిపించింది.

“మల్లయ్యా, లే. వేగుచుక్క పొడిచింది.”

“ఈ దినాల్ల వేగుచుక్క పొడవది సారూ. జర తేలు కొండి లేసిందేమో సూడున్రి.”

“సెల్లుల రెండే అయింది,” అన్నది మంద పక్కనే కూర్చున్న లచ్చవ్వ.

నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు కావ్యాలు పాఠం చెప్పినవాణ్ణి, శుక్రోదయ వర్ణన పద్యాలు నోటికి వచ్చినవాణ్ణి, నన్ను ఒక సెల్‌ఫోనుతో పోలుస్తారా అని కేకలు వేశాను. పెద్దమనిషి మాట తీసివేయలేక మల్లయ్య కర్ర అందుకున్నాడు.

రహదారి మీదికి మంద ఎక్కిన క్షణానికే పట్నం పోయే బస్సులన్నీ నా పాండిత్యాన్ని దర్శించడానికి వచ్చినట్టు వరుసకట్టి వచ్చాయి. హారన్లకు బెదిరిన మంద చిమ్మిన శనగల్లా నాలుగు దిక్కులకూ చెదిరింది. డ్రైవర్లు దిగి తిట్టారు. ప్రయాణికులు కిటికీల్లోంచి తిట్టారు. నేను నోటుపుస్తకం ఊపుతూ బస్సులను ఆపబోయాను, దానికీ తిట్టారు. ఒక సూడిగొర్రె కాలు విరిగింది. మల్లయ్య దాన్ని భుజాన వేసుకున్నాడు. నన్ను నిలదీసే పని లచ్చవ్వ చేసింది.

“శుక్రుడు కనవడ్తలేడని నా బిడ్డ పెండ్లి ఆపితివి పంతులూ. మా గొర్లను తొక్కిచ్చెటందుకు గిప్పుడు ఏడికెల్లి పట్టుకొచ్చినవ్ ఆయన్ని?”

నేను చూసింది గురుగ్రహాన్ని.

మర్నాడు మధ్యాహ్నానికే కబురు హాలియా చేరింది. ఉన్న శుక్రుణ్ణి లేడని చెప్పి తమను మోసం చేశారనీ, సంబంధం వద్దనీ ఎంకన్న కబురంపాడు. లచ్చవ్వ మా గడపలో నిలబడి, నువ్వే పోయి చెప్పు అన్నది. వెళ్లాను. వారి పెద్దలందరి ముందు నిలబడ్డాను.

“అది శుక్రుడు కాదు, గురుడు. నాకు తేడా తెలియలేదు.”

“తేడా తెల్వనోనివి ముహూర్తాలెట్ల పెడ్తవయ్యా?” అన్నాడు ఎంకన్న.

“పంచాంగం చూసి.”

“పంచాంగంల చుక్కలుంటయా?”

“అన్నీ ఉంటాయి. తల పైకెత్తితేనే నాకేమీ కనిపించదు.”

ఎంకన్న పెద్దల వైపు తిరిగాడు. “గింత సిగ్గు మోసుకొని వచ్చినోడు అబద్ధమాడడు. ఫాల్గుణంలనే కానియ్యున్రి,” అన్నాడు. పెద్దలు పొట్టలు పట్టుకొని నవ్వారు. నేను నవ్వలేదు, ఇప్పటికీ ఆ నవ్వుల మీద కోపమే.

కనుక నవగ్రహాల సాక్షిగా, అందులో ఎవరు ఎవరో గుర్తుపట్టలేకపోయినా, ప్రతిజ్ఞ చేస్తున్నాను: కాపరి ఉన్న చోట నేను ఆకాశం వైపు వేలు చూపను. ఎవరైనా సమయమడిగితే గోడ గడియారం వైపు నడుస్తాను.

ఫాల్గుణ శుద్ధ దశమి, ఆదివారం, హాలియాలో పెళ్లి జరిగింది. ఆ సాయంకాలం పడమట శుక్రుడు కనిపించాడని మల్లయ్య చెప్పాడు. నేను చూడలేదు.