అత్త చేతికిచ్చిన నాలుగు నెలలు

పోయిన ఆదివారం మా అమ్మాయి తుమకూరు నుంచి ఫోను చేసింది. అక్కడొక ఆసుపత్రిలో నర్సు పని. ఈ మధ్యే పెళ్ళయి వేరుగా కాపురం పెట్టింది. మొగుడూ పెళ్ళాల జీతాలు రెండూ కలిపినా ఇరవయ్యో తేదీ దాటడం లేదట. "అప్పుడు అవ్వ ఎట్ల చేసిందిమా?" అని అడిగింది. ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి పండక్కి వచ్చినప్పుడు చెబుతానన్నాను. పెట్టేశాక మాత్రం పొయ్యి మీద పప్పు అడుగంటేదాకా ఆ నాలుగు నెలల్లోనే ఉండిపోయాను.

మాది పావగడ దగ్గర తిరుమణి, కర్ణాటకలోనే గాని తెలుగు మాట్లాడే పల్లె. అక్కడ మాకు పన్నెండు ఎకరాలుండేవి. అందులో పది ఎకరాలు సోలార్ కరెంటు పార్కు వాళ్ళకు గుత్తకిచ్చాం. మిట్ట మీది రెండెకరాలు రాళ్ళెక్కువని వాళ్ళే వద్దన్నారు. అంతకుముందు మా ఇంటికి అంగడి నుంచి వచ్చేవి ఉప్పు, బెల్లం, చక్కెర, పండక్కి బట్టలు. రాగులు మావి, కందులు మావి, మా చెనిక్కాయలే గానుగకు పోయి నూనెగా తిరిగొచ్చేవి. గట్ల మీద ఏదో ఒక ఆకు దొరికేది. చేను పోయాక మేత లేదని ఆవుల్ని అమ్మేశాం. ఆ పొద్దు నుంచి పచ్చి మిరపకాయతో సహా అన్నీ కొనడమే. గుత్త డబ్బు ఏడాదికొకసారి మొత్తంగా వస్తుంది. అంత డబ్బు ఒక్కసారిగా చూసిన వాళ్ళకు అది ఎప్పటికీ తరగదనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. మామా, మా ఇంటాయనా పొద్దున్నే బైకెక్కి పావగడకు పోయి ఇడ్లీ తినొచ్చేవాళ్ళు. ఇంట్లో ఇడ్లీ చేస్తానంటే, "హోటల్ చట్నీ రుచే వేరేప్పా" అని మామ ఆకాశం వైపు చూసేవాడు. నేనేమీ తక్కువ తినలేదు. రోలు కడిగి బోర్లించి, అల్లం వెల్లుల్లి ముద్ద కూడా ప్యాకెట్లలో కొన్నదాన్ని.

రెండో ఏడు గుత్త డబ్బు ఆరు నెలలకే అయిపోయింది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి తుమకూరులో నర్సింగు సీటొచ్చింది. కాలేజీ తెరిచేలోగా, అంటే నాలుగు నెలల్లో, ఫీజూ హాస్టలు డబ్బూ కట్టాలి. మా ఇంటాయన ఆ పార్కులో సోలార్ పలకలు కడిగే వాళ్ళకు మేస్త్రీ. నెల జీతం వచ్చేది గాని ఎక్కడిదక్కడే కరిగిపోయేది. ఒకరోజు అన్నాలు తింటుండగా, ఆ రాళ్ళ మిట్ట అమ్మేద్దామన్నాడు. బేరం కూడా వచ్చిందట. మామ తల వంచుకున్నాడు. మా అమ్మాయి కంచంలో వేళ్ళాడిస్తూ, "నాకు సీటొద్దులే నాయనా" అంది. మా అత్త చెయ్యి కడుక్కొని లేచింది.

"రేపు ఎవరూ యాడికీ పోవద్దండి," అని మాత్రం అంది.

తెల్లారి ఆమె ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చి వాకిట్లో బోర్లించింది. నెల రోజులుగా మేము పారేసిన కవర్లన్నీ ఎవరికీ తెలియకుండా ఏరి దాచింది. పాల కవర్లు, నూనె కవర్లు, బిస్కెట్లవి, మా అమ్మాయి షాంపూలవి, చిప్సువి, మామ వక్కపొడివి, నా అల్లం వెల్లుల్లివి. గాలికి అవి వాకిలంతా తిరుగుతుంటే కోళ్ళు భయపడి దిబ్బెక్కాయి. ఎవరి కవర్లు వాళ్ళు గుర్తుపట్టి ఎవరికి వాళ్ళం దిక్కులు చూశాం.

"చూడండి, ఈ నెల మనం పండించిన పంట," అంది అత్త. "రే నాయనా, నాలుగు నెల్లు ఇల్లు నా చేతికియ్యి. అప్పుటికీ కాకపోతే అమ్ముకో, నేనేం అడ్డం రాను."

కుప్పలో నాలుగు నశ్యం డబ్బీలు కూడా కనబడ్డాయి. మామ కాలి బొటనవేలితో ఒకదాన్ని ముందుకు తోశాడు. అత్త దాన్ని తీసి చూసి, "ఇవి నావే. ఈ పొద్దు నుంచి ఇవీ లేవు," అంది. మా ఇంటాయన జేబులో ఉన్న డబ్బు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రమే నాగలమడికలోని ఆమె తమ్ముడు ఒక పాడి ఆవునూ, ఒక మూట రాగులనూ లగేజీ ఆటోలో పంపాడు. ఆవుకు మళ్ళీ పుట్టే దూడను అతనికివ్వాలి, పాలు మావి. మేతెక్కడిదని నేనడిగితే, కొడవలి తీసుకొని నన్ను వెంటబెట్టుకొని పార్కు గేటు దగ్గరికి నడిచింది. పలకలు కడిగిన నీళ్ళకు వాటి కింద గడ్డి మోకాలెత్తు పెరిగుంది. కాపలా అబ్బాయి కొత్తవాడు, కన్నడం తప్ప రానివాడు. "ఒళగె బరబేడి అజ్జి," అని, లోపలికి రావద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ చేన్లోకి నేను కాపురానికొచ్చిన నాటి నుంచి వస్తాండా," అంది అత్త తెలుగులోనే. "నాకు నువ్వే కొత్త నాయనా."

వాడికేమర్థమైందో గాని సూపర్‌వైజరుకు ఫోను చేశాడు. గడ్డి కోయించడానికి ఆయనే మనుషుల కోసం చూస్తున్నాడట. తీగల జోలికి పోకుండా వరుసల చివర కోసుకోమన్నాడు. మా చేన్లో మా గడ్డినే, మబ్బులాంటి నీడలో కూర్చుని, ఇద్దరం కోశాం. పెళ్ళయిన పాతికేళ్ళలో అత్తా నేనూ అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడే. కొత్తకోడలిగా తను రాగి సంగటి గట్టిగా కెలికి, అది రాయిలా బిగిసిపోతే నీళ్ళ గాబు వెనక దాచిన సంగతి చెప్పింది. నవ్వి నవ్వి నా కొడవలి జారిపోయింది.

బైకు పార్కుకు తప్ప ఇంకెక్కడికీ కదలకూడదని ఆమె మొదటి ఆజ్ఞ. పగలు ఒక గదిలో తప్ప ఫ్యాను తిరగకూడదు కాబట్టి మధ్యాహ్నాలు అందరం ఆ గదిలోనే పడి ఉండేవాళ్ళం. మామ పాత సంగతులు చెప్పేవాడు, అత్త వాటిని దిద్దేది. పాత్రలు కడిగిన నీళ్ళకు పెరట్లో వంకాయ, బచ్చలి లేచాయి. రోలు మళ్ళీ వెల్లకిలా తిరిగింది. రాగి ముద్ద, చెనిక్కాయల చట్నీ, మజ్జిగ రోజూ తిని తిని, మొదటి వారం మూతి ముడుచుకున్న మా అమ్మాయి మూడో వారానికి రెండో ముద్ద అడిగింది. మిట్ట మీద అందరం రాళ్ళేరి రాగులు చల్లాం.

కష్టమల్లా నశ్యం మానేసిన అత్తతోనే. పది రోజులు కోళ్ళనీ, ఆవునీ, మమ్మల్నీ ఒకేలా తిట్టింది. పదకొండో రోజు మామ పని ఉందని పావగడ బస్సెక్కాడు. తిరిగొచ్చి ఆమె పక్కన ఒక డబ్బీ పెట్టాడు.

"దీనికి దుడ్లు యాడివి?" అని అత్త డబ్బు లెక్క అడిగింది.

"పోయిన నెల ఇడ్లీకి దాచుకునింటి. ఈ పది దినాల్లో ఒక్క ప్లేటు కూడా తినలేదు. కావాలంటే ఆ హోటలాయన్ని అడుగు."

ఆమె డబ్బీ తీసుకోలేదు. తోసెయ్యనూ లేదు. కాసేపటికి లోపలి నుంచి పెద్ద తుమ్ము వినబడింది. మా ఇంటాయన గోడ వైపు తిరిగి నవ్వాడు. ఆ డబ్బీని ఆమె నెలన్నర లాగించింది.

నాలుగో నెల చివర మిట్ట మీద రాగులు కోతకొచ్చాయి. కాలేజీ తెరవడానికి ఇంకా వారముంది. మిగిలిన జీతమూ, చుట్టుపక్కల ఇళ్ళకు పోసిన పాల డబ్బూ కలిపితే ఫీజుకు సరిపోయి ఇంకా కొంచెం మిగిలింది. అందరం బస్సెక్కి తుమకూరు పోయాం. ఆఫీసులో పెద్దవాళ్ళ సంతకం కావాలంటే మా ఇంటాయన పెన్ను వాళ్ళమ్మకిచ్చాడు. వయోజన బడిలో నేర్చుకున్న పేరును ఆమె కన్నడంలో ఒక్కొక్క అక్షరమే పెట్టింది. వెనక వరుస పెరిగిపోతున్నా గుమాస్తా కాగితం కదలకుండా పట్టుకున్నాడు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

బయటికొచ్చాక అత్త మమ్మల్ని నేరుగా ఒక హోటలుకు తీసుకుపోయింది. "ఈ పూట ఎవరికేం కావాల్నో తినండి," అంది. మామ రెండు మసాలా దోసెలు తిని, మూడోదానికి ఆమె ముఖం వైపు చూశాడు. ఆమె సర్వరును పిలిచి తనే చెప్పింది.

అత్తకిప్పుడు ఎనభై దాటాయి. ఇంటి లెక్క నా చేతికొచ్చి చాలా రోజులైంది. మిట్ట మీద ఇప్పటికీ ఏటా రాగులు చల్లుతున్నాం. అప్పట్లో ఆ నాలుగు నెలలు ఎప్పుడు గడుస్తాయా అని క్యాలెండరు మీద రోజుకొక గీత గీసేదాన్ని. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు గీత గీయకుండానే గడిచిపోయాయో నాకు గుర్తు లేదు గాని, ఆ నాలుగు నెలల్లో ఏ రోజు ఏం వండానో ఇప్పటికీ చెప్పగలను.