లేసు మీద నెత్తుటి చుక్క

మొన్న మధురవాడలో మనవరాలి తెల్ల చున్నీకి అంచు కుడుతుంటే సూది గుచ్చుకుని, గుడ్డ మీద నెత్తుటి చుక్క పడింది. వెంటనే తెల్లదారం ముక్క నోట్లో వేసుకుని నమిలి, ఆ తడిదారంతో అద్దాను.

"ఛీ, ఏటది నానమ్మా!" అంది పిల్ల. మరక మాత్రం పోయింది.

ఈ విద్య మల్కాపురంలో మా పెద్దమ్మ నేర్పింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు, ఈస్టర్‌కు ముందు బుధవారం. గట్టి దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్క కండెల దారాలను వాటి చుట్టూ మెలితిప్పుతూ, ఆమె చర్చిలో బలిపీఠం గుడ్డ నడుమ కుట్టడానికి లేసు అల్లుతోంది. నెలల తరబడి చేసిన పని. నేను కండె అందివ్వబోయి వేలికి సూది గుచ్చుకున్నాను. చుక్క సరిగ్గా లేసు మధ్యలో పడింది.

"దారం నమిలి అద్దే! నీ రగతం నీ ఉమ్మికే పోద్ది, నా ఉమ్మికి పోదు."

"దేవుడి గుడ్డకి ఎంగిలి పాపం కాదేటి పెద్దమ్మా?"

"నీల్లోసి కడిగితే లేసు సాగిపోద్ది. ఆ పాపమేదో నానే మోత్తాను, నువ్వు నవుల్వే!"

దారం నమిలి అద్దాను. మరక పోయింది.

ఈస్టర్ పూజలో ఫాదర్‌గారు వంగి, సరిగ్గా నా ఎంగిలి తగిలిన చోటే బలిపీఠాన్ని ముద్దుపెట్టుకున్నారు. భయంతో పెద్దమ్మ వైపు చూశాను. ఆమె ముసుగుకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. అన్న మాట ప్రకారం నా పాపం మోస్తూ ఏడుస్తోందనుకుని నేనూ ఏడ్చేశాను. నన్ను చూసి ఆమె భుజాలు ఇంకా అదిరాయి.

అది నవ్వు అని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.